ఎక్సెల్ ఫైలుకు కంప్యూటర్ తాళం: ఎంతవరకు పనికొస్తుంది?

(కడపలో అకౌంటెంట్లు, ఎస్టిమేట్లు వేసేవాళ్లు, కంప్యూటర్ విద్యార్థుల ముందు ఒక ల్యాబ్‌లో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో నాపరాయి యార్డుల లెక్కలు చూసేవాళ్లున్నారు. ఎస్టిమేట్లు తయారుచేసే ఇంజనీర్లున్నారు, జీఎస్టీ రిటర్న్‌లు వేసే ట్యాక్స్ కన్సల్టెంట్లున్నారు. ప్రతి జనవరిలో టీచర్ల కోసం ఇన్‌కంటాక్స్ ఎక్సెల్ తయారుచేసి పంచే సార్లు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. పనులు వేరువేరు, కడుపుమంట మాత్రం ఒకటే. రాత్రిళ్లు కూర్చుని ఒక ఫైలు తయారుచేస్తాం, డబ్బులు తీసుకుని ఒకరికి ఇస్తాం. కొన్నాళ్లకు ప్రొద్దుటూరు నుంచి ఎవరో అదే ఫైలును మనకే వాట్సాప్‌లో పంపి, "అన్నా, ఇందులో ఈ కాలమ్ తప్పు చూపిస్తోంది, కొంచెం చూడు" అంటారు. పైన మన పేరు మాత్రం ఉండదు.

అందుకే అందరూ అడుగుతారు, డబ్బు కట్టిన కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా చేయలేమా అని. చేయొచ్చు. కోడ్ అరపేజీ కూడా ఉండదు. అది ఎలా రాయాలో చెప్తాను, ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్తాను. నా ఉద్దేశంలో రెండోదే ముఖ్యం. ఈ తాళంతో ఎక్కువ అవస్థ పడేది దొంగ కాదు, మనకు డబ్బు కట్టినవాడు. అది తెలిసి వేసుకుంటే పరవాలేదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ప్రొజెక్టర్ మీద చూడండి. ఇది మామూలు ఎక్సెల్ ఫైలు. రివ్యూ ట్యాబ్‌లోకి వెళ్లి ప్రొటెక్ట్ షీట్ నొక్కి పాస్‌వర్డ్ పెట్టాను. ఏ సెల్‌లోనూ ఏమీ మార్చనివ్వడం లేదు, చూశారు కదా. ఇప్పుడు ఫైలు పేరు చివర ఎక్స్ఎల్ఎస్ఎక్స్ తీసేసి జిప్ అని పెడుతున్నాను. డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ లాగా తెరుచుకుంది. లోపల ఎక్స్ఎల్, దాంట్లో వర్క్‌షీట్స్, దాంట్లో షీట్1. దీన్ని బయటికి తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, షీట్‌ప్రొటెక్షన్ అని ఎక్కడుందో వెతుకుతున్నాను. ఇదిగో, ఒక్క లైన్. డిలీట్. సేవ్ చేసి మళ్లీ లోపల పెట్టి, పేరు యథాప్రకారం మార్చి తెరుస్తున్నాను. (సభలో నవ్వులు) పాస్‌వర్డ్ అడగలేదు.

ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు. 2007 నుంచి ఎక్సెల్ ఫైలు అంటేనే జిప్ చేసిన ఎక్స్ఎమ్ఎల్ (నోట్‌ప్యాడ్‌లో చదవగలిగే అక్షర ఫైళ్ల) కట్ట. 2010 దాకా షీట్ పాస్‌వర్డ్‌ను 16 బిట్ల చిన్న హ్యాష్‌గా, అంటే పాస్‌వర్డ్‌ను తిప్పి తీసిన గుర్తు నంబరుగా, దాచేవాళ్లు. మీ పాస్‌వర్డ్ ఏదైనా సరే, ఎక్కువలో ఎక్కువ 1,94,560 మాటలు వరసగా వేసి చూస్తే ఏదో ఒకటి కుదిరేది. నెట్‌లో అందరూ కాపీ కొట్టే ఆ మ్యాక్రో (ఎక్సెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) చేసేది అదే. 2013లో దాన్ని ఎస్‌హెచ్‌ఏ-512 అనే గట్టి హ్యాష్ పద్ధతికి మార్చి లక్షసార్లు తిప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు పాస్‌వర్డ్ కనుక్కోవడం నిజంగా కష్టమే. కానీ కనుక్కోవాల్సిన పనేముంది? గట్టి తాళం వేసిన తలుపే ఉంది, చుట్టూ గోడ లేదు.

ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి వేరు. ఫైల్, ఇన్ఫో, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్. అది 2007 నుంచి ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్, గట్టిది. కానీ ఆ పాస్‌వర్డ్ మీరు కొన్నవాడికి చెప్పాల్సిందే. వాడు ఫైలుతో పాటు అదీ ఫార్వర్డ్ చేస్తాడు.

ఇక అసలు విషయం, కంప్యూటర్‌కు కట్టేయడం. పద్ధతి ఇది. ఫైలు తెరవగానే వర్క్‌బుక్ ఓపెన్ అనే ఈవెంట్‌లో మ్యాక్రో నడుస్తుంది. అది ఆ కంప్యూటర్ గుర్తు ఒకటి చదువుతుంది. మనం ఇచ్చిన కీతో సరిపోలితే దాచిన షీట్లన్నీ చూపిస్తుంది, సరిపోకపోతే మెసేజ్ ఇచ్చి మూసేస్తుంది. షీట్లను మామూలుగా హైడ్ చేస్తే రైట్ క్లిక్ చేసి అన్‌హైడ్ అనొచ్చు. అందుకని వీబీఏలో, అంటే మ్యాక్రోలు రాసే భాషలో, 'వెరీ హిడెన్' అని పెడతాం, అప్పుడు ఆ మెనూలో పేరే కనిపించదు. బయటికి ఒక్క షీటే ఉంచి దాని మీద పెద్ద అక్షరాలతో "మ్యాక్రోలు ఎనేబుల్ చేయండి" అని రాస్తాం. మ్యాక్రోలు ఆపేసినా, షిఫ్ట్ కీ నొక్కిపట్టి తెరిచినా వాడికి ఆ బోర్డే కనిపిస్తుంది. సేవ్ చేసే ప్రతిసారీ ముందు షీట్లన్నీ మళ్లీ దాచి, సేవ్ అయ్యాక మళ్లీ చూపించాలి. సేవ్‌కు ముందు దాచడం మర్చిపోతే మొత్తం వృథా.

ఇక కంప్యూటర్ గుర్తు. దీని దగ్గర కొంచెం సేపు ఆగుదాం, తొంభై శాతం గొడవలు ఇక్కడే పుడతాయి. మీ ముందున్న సిస్టమ్‌లలో ఒక ఫైలు పెట్టాను. అందులో బటన్ నొక్కితే ఐదు గుర్తులు చూపిస్తుంది. అందరూ నొక్కండి. వెనక వరుసలో మేడమ్, మదర్‌బోర్డ్ సీరియల్ దగ్గర మీకేం వచ్చింది? 'డీఫాల్ట్ స్ట్రింగ్'. పక్కన సార్‌కు? 'టు బీ ఫిల్డ్ బై ఓఈఎమ్'. అంటే తయారుచేసినవాడు తర్వాత నింపుతాంలే అని వదిలేసిన ఖాళీ అది. ఏడు రోడ్ల దగ్గరో ఇంకెక్కడో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లలో ఇది మామూలే. ఈ గుర్తుతో తాళం వేశారనుకోండి, ఒకడికి ఇచ్చిన కీతో ఊళ్లో సగం అసెంబుల్డ్ కంప్యూటర్లలో ఫైలు తెరుచుకుంటుంది.

ఇప్పుడు మెషీన్ గైడ్ అనే వరుస చూడండి. విండోస్ రిజిస్ట్రీలో ఉండే పొడుగాటి నంబరు ఇది. మొదటి వరుసలో ఉన్నవాళ్లు ఒకరిది ఒకరు చూసుకోండి. ఒకటే కదా? ఈ ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌ను తయారుచేసి, దాని డిస్క్‌నే మిగతావాటికి క్లోన్ చేశారు. నంబరు కూడా దాంతోపాటే కాపీ అయింది. కాలేజీలకు, ఆఫీసులకు ఫైళ్లు అమ్మేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నెట్‌లో దొరికే కోడ్‌లన్నీ వాడేది సి డ్రైవ్ సీరియల్ నంబరు. ఎనిమిది అక్షరాలు, ఒక్క లైన్ కోడ్‌తో వచ్చేస్తుంది. కానీ అది డిస్క్‌కు ఫ్యాక్టరీలో వేసిన నంబరు కాదు, ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ఇచ్చేది. కంప్యూటర్ స్లో అయిందని షాపుకు ఇస్తే వాడు మొదట చేసే పనే ఫార్మాట్. అయిపోయింది, మీకు ఫోన్. దొంగకైతే ఇంకా సులభం, దాన్ని మార్చే వాల్యూమ్ఐడి అనే టూల్ మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. డిస్క్ అసలు సీరియల్‌ను డబ్ల్యూఎమ్‌ఐ అనే విండోస్ సదుపాయం ద్వారా తీయొచ్చు, అది ఫార్మాట్‌కు మారదు. కాకపోతే ఇప్పుడు అందరూ పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయిస్తున్నారు.

ప్రాసెసర్ ఐడీ అని ఇంకొకటి ఉంది. పేరు చూసి అదే గట్టిది అనుకుంటారు. అది ప్రాసెసర్ మోడల్‌ను చెబుతుంది తప్ప, ఫలానా ముక్క అని చెప్పదు. ఒకే మోడల్ చిప్‌లన్నిటికీ అదే. ఇంటెల్ 1999లో పెంటియమ్ త్రీతో ప్రతి చిప్‌కూ వేరే సీరియల్ నంబరు ఇచ్చింది. జనాన్ని వెంటాడడానికి పనికొస్తుందని అప్పట్లో పెద్ద గొడవ జరిగి, తర్వాతి చిప్‌లలో తీసేసింది. నెట్‌వర్క్ కార్డ్ మ్యాక్ అడ్రస్ సంగతి చెప్పనక్కర్లేదు, వైఫై డాంగిల్ పీకితే మారిపోయే నంబరు అది.

మరి ఏది వాడాలి? బ్రాండెడ్ ల్యాప్‌టాప్ అయితే బయోస్‌లో (మదర్‌బోర్డ్‌లో ఉండే ప్రోగ్రాంలో) ఉండే యూయూఐడీ అనే గుర్తు నంబరు బాగుంటుంది. విండోస్ మార్చినా, డిస్క్ మార్చినా నిలబడుతుంది. అన్నిటికీ ఒకే నియమం కావాలంటే యూయూఐడీ, డిస్క్ సీరియల్, మెషీన్ గైడ్ మూడూ తీసుకుని, ఏ రెండు కలిసినా తెరవండి. డీఫాల్ట్ స్ట్రింగ్ లాంటివి వస్తే వాటిని లెక్కలోకి తీసుకోకుండా కోడ్‌లో ముందే చెప్పండి.

కీ తయారీ గురించి ఒక మాట. కంప్యూటర్ గుర్తును ఏదో తిప్పి, ఒక రహస్య పదం కలిపి కీ చేస్తుంటారు. అదే తిప్పడం ఫైలు లోపల మ్యాక్రోలో కూడా ఉంటుంది, లేకపోతే సరిపోల్చలేదు కదా. వీబీఏ ప్రాజెక్ట్‌కు పాస్‌వర్డ్ పెట్టాం అంటారు. ఆ పాస్‌వర్డ్ కోడ్‌ను ఎన్‌క్రిప్ట్ చేయదు, చూడొద్దని ఎడిటర్‌కు చెప్పడం వరకే. ఫైలు బైట్లను నేరుగా మార్చే హెక్స్ ఎడిటర్‌లో డీపీబీ అనే మూడక్షరాల్లో ఒకటి మార్చితే పోతుందని ఇరవై ఏళ్లుగా లోకానికి తెలుసు. కోడ్ చూసినవాడు మీ కీలు తనే తయారుచేసి అమ్ముకోవచ్చు. దానికి మందు డిజిటల్ సిగ్నేచర్ పద్ధతి. సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గర, సరిచూసే పబ్లిక్ కీ ఫైల్లో. అప్పుడు కోడ్ మొత్తం చదివినా కొత్త కీ తయారుచేయలేడు. అయితే కోడ్‌లో 'సరిపోతే తెరువు' అనే లైన్‌ను 'సరిపోకపోయినా తెరువు' అని మార్చేయగలడు. అంతదూరం కూడా అవసరం లేదు. వెరీ హిడెన్ షీట్ పేరు తెలిస్తే చాలు, పక్కన ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, ఈ ఫైల్లో ఆ షీట్ ఏ1 చూపించు అని లింక్ ఫార్ములా రాస్తే వచ్చేస్తుంది. పైథాన్ తెలిసిన ఇంజనీరింగ్ పిల్లలు నాలుగు లైన్లలో మొత్తం ఫార్ములాలు బయటికి తీస్తారు. ముందు వరుసలో నవ్వుతున్నారు చూడండి, వాళ్లకు తెలుసు.

అంటే ఫార్ములా సెల్‌లో ఉన్నంతవరకు అది వాడి కంప్యూటర్‌లోనే ఉంది. ఏ తాళమూ దాన్ని దాచదు. నిజంగా దాచాల్సింది ఉంటే దాన్ని షీట్లోంచి బయటికి తేవాలి. ఎక్సెల్‌కు తగిలించే ఎక్స్ఎల్ఎల్ యాడ్-ఇన్‌గా కంపైల్ చేయొచ్చు. వర్క్‌బుక్ మొత్తాన్ని ఈఎక్స్ఈగా మార్చి కంప్యూటర్‌కు కట్టే రెడీమేడ్ ప్రొడక్ట్‌లున్నాయి, లాక్‌ఎక్స్ఎల్‌ఎస్ అలాంటిదే. పని చేస్తాయి. కానీ వాట్సాప్‌లో వచ్చిన ఈఎక్స్ఈని చూస్తే యాంటీవైరస్‌కు అనుమానం, కస్టమర్‌కు అంతకంటే అనుమానం. ఇంకో దారి, లెక్క మీ సర్వర్‌లో చేసి ఫలితం మాత్రం షీటుకు పంపడం. అన్నిటికంటే గట్టిది అదే, కాకపోతే నెట్ ఉండాలి. ముద్దనూరు దాటి క్వారీలోకి వెళ్లినవాడు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతాను. మీ ఫైల్లో దాచాల్సింది అసలు ఏముంది? నాపరాయి యార్డు ఫైలు తీసుకుందాం. 30 ఇంచులకు 21 ఇంచుల బండ, రెండూ గుణించి 144తో భాగిస్తే 4.375 చదరపు అడుగులు. ఈ ఫార్ములాకు తాళం ఎందుకు? యార్డులో గుమాస్తా నోటితో చెప్తాడు. ఆ ఫైల్లో విలువైనది వే బిల్లు దాకా సాఫీగా తీసుకుపోయే అమరిక. అది వాడేవాడికి మీ ఫోన్ నంబరు కూడా కావాలి, ఎందుకంటే రేపు బిల్లు ఫార్మాట్ మారుతుంది. ఎస్టిమేట్ ఫైళ్లలో ఎస్ఎస్ఆర్ (పనుల ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లు ప్రభుత్వానివి, మీవి కావు. మీది రేట్ అనాలసిస్, లీడ్ (సామాను మోసే దూరం) లెక్కలు కట్టిన తీరు. ఎస్ఎస్ఆర్ మారిందంటే పాత ఫైలు చెత్తబుట్టలోకి. దొంగిలించినవాడి దగ్గర ఉన్నది ఆ పాతదే.

ఇన్‌కంటాక్స్, పీఆర్‌సీ (ప్రభుత్వ ఉద్యోగుల జీత సవరణ) ఫైళ్లు చేసే సార్ల సంగతి ఇంకా విచిత్రం. వాళ్లు ఉచితంగానే ఇస్తారు, కాబట్టి దొంగతనం బాధ లేదు, పేరు పోతుందనే బాధ. కానీ 2022 గుర్తుచేసుకోండి. జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్‌తో జీవోలు వచ్చాయి. వాటిలో హెచ్ఆర్ఏ తగ్గించారని ఉద్యోగులు రోడ్డెక్కారు. ఫిబ్రవరిలో చర్చలయ్యాక హెచ్ఆర్ఏ శ్లాబులు మారాయి. జనవరిలో చేసిన ఫైలు మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. అందులో లెక్క వేసుకున్నవాడికి జీతం తప్పు చూపిస్తుంది, తిట్లు ఫైలు చేసిన సారుకు. అక్కడ కావాల్సింది కంప్యూటర్ తాళం కాదు, తేదీ తాళం. ఫలానా తేదీ తర్వాత తెరిస్తే "ఇది పాత ఫైలు, కొత్తది తీసుకోండి" అని ఎర్రగా చూపిస్తే చాలు.

ఈ కాపీల గోల మనతో మొదలు కాలేదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అప్పటి స్ప్రెడ్‌షీట్‌లకు రాజు. దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకున్నా, తెరిచేటప్పుడు ఒరిజినల్ ఫ్లాపీ డ్రైవ్‌లో పెట్టాలి. ఆ ఫ్లాపీ పాడైతే డబ్బు కట్టి కొన్నవాడు కూర్చుని ఎదురుచూడాలి, కాపీ కొట్టినవాడు హాయిగా పని చేసుకుంటాడు. కస్టమర్లు విసిగిపోయారు. ఆ దశకం ముగిసేలోపే లోటస్ ఆ కట్టుబాటు తీసేసింది. మన అకౌంటెంట్లందరికీ తెలిసిన ట్యాలీ మాత్రం మధ్యేమార్గం పట్టింది. లైసెన్స్ ఒక సిస్టమ్‌కు కట్టి ఉంటుంది, సిస్టమ్ మార్చాలంటే ఇక్కడ సరెండర్ చేసి అక్కడ యాక్టివేట్ చేసుకోవాలి. చిన్న ఎక్సెల్ ఫైలుకైనా ఆ సరెండర్ దారి ఉండాలని నా పట్టుదల. అది లేని తాళం నేను ఎవరికీ వేసివ్వను.

ఇంకో అడ్డంకి చాలామంది గమనించడం లేదు. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మొత్తంగా ఆపేస్తోంది. పైన ఎర్ర పట్టీ వస్తుంది, ఎనేబుల్ బటన్ ఉండదు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెడితేనే నడుస్తుంది. ఫోన్‌లో ఎక్సెల్ యాప్ అయితే మ్యాక్రోలే నడపదు. మ్యాక్ కంప్యూటర్‌లో మన డబ్ల్యూఎమ్‌ఐ కోడ్ చెల్లదు. అమ్మేముందే ఇవన్నీ కస్టమర్‌కు చెప్పండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

చట్టం గురించి అడుగుతారని తెలుసు, క్లుప్తంగా చెప్తాను. 1957 కాపీరైట్ చట్టంలో సాహిత్య కృతి అంటే కథలు, కవితలే కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు, టేబుళ్లు, సంకలనాలు కూడా. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును తప్పించడం కూడా నేరం, రెండేళ్ల దాకా జైలు. అదే చట్టం ఇంకో వైపు, న్యాయంగా కొన్నవాడు పోకుండా ఉండడానికి బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని 52వ సెక్షన్‌లో చెబుతుంది. కాబట్టి కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకున్నాడని వాడి మీద ఎగరకండి. ఎన్ని కంప్యూటర్లలో వాడొచ్చో రాతపూర్వకంగా ఇవ్వండి, బిల్లు వెనకాల రెండు లైన్లు రాసినా సరే. ఐదొందల ఫైలుకు కోర్టుకు ఎవరూ పోరు. ఆ రెండు లైన్లు చూసి యజమాని గుమాస్తాను మందలిస్తాడు, మన ఊళ్లలో అంతే జరుగుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఫైలు ఎవరు బయటపెట్టారో కనుక్కోవచ్చా అని ఒకరు అడిగారు.)

బాగా అడిగావు అన్నా. నన్నడిగితే తాళం కంటే ఇదే మేలు. కొన్నవాడి షాపు పేరు, జీఎస్టీ నంబరు ప్రతి ప్రింట్ తలమీద వచ్చేలా పెట్టు. ఇంకో రెండు మూడు చోట్ల కనపడకుండా కూడా పెట్టు, ఎవరూ చూడని సెల్‌లో, పేరుపెట్టిన రేంజ్‌లో. పైది తీసేసినా లోపలిది మిగులుతుంది. ఎర్రగుంట్లలో ఒక యార్డువాడి బిల్లు మీద ఇంకొకడి షాపు పేరు వస్తే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. కోడ్ కంటే ఆ భయం బాగా పనిచేస్తుంది.

(తేదీ తాళం వేస్తే సిస్టమ్ తేదీ వెనక్కి పెట్టుకుంటారు కదా అని ఒక విద్యార్థి అడిగాడు.)

పెట్టుకుంటారు. ఫైలు చివరిసారి తెరిచిన తేదీని లోపల రాసుకో, ఈరోజు తేదీ దానికంటే వెనకుంటే ఆపేయ్. కాకపోతే ఒకటి చూసుకో నాయనా, మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోయిన పాత సిస్టమ్‌లు మన ఆఫీసుల్లో చాలా ఉన్నాయి. కరెంట్ పోయి వస్తే వాటి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. వాడు దొంగ కాదు, బ్యాటరీ మార్చుకోవాల్సినవాడు. మెసేజ్‌లో ఆ మాటే రాయి.

(మార్చి 31 రాత్రి కస్టమర్ కంప్యూటర్ పోతే ఏం చేయాలని ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ అడిగారు.)

సార్, ఇది కోడ్ రాయకముందే తేల్చుకోవాలి. తాళం పడినా, కస్టమర్ తను ఎక్కించుకున్న ఎంట్రీలు చూసుకుని కాపీ చేసుకోగలగాలి. ఆ డేటా వాడిది, దాన్ని బందీ చేసే హక్కు మనకు లేదు. అందుకే ఇందాక చెప్పిన మామూలు పద్ధతిలా ఫైలు మూసేయను, ఎంట్రీల షీట్‌ను ఎప్పుడూ దాచను, లెక్కల షీట్లే దాస్తాను. రెండోది, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే కీ ఒకటి, ఏడు రోజులకు మాత్రమే చెల్లేది, ప్రతి కస్టమర్‌కూ సీల్ చేసిన కవర్లో ముందే ఇచ్చేయండి. వాడితే ఫైల్లో రికార్డవుతుంది. అర్ధరాత్రి మీకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు, తీరిగ్గా ఏప్రిల్‌లో కొత్త కీ ఇవ్వొచ్చు. ఆ కీ తయారుచేసే షీటు ఇప్పుడే చూపిస్తాను, ప్రొజెక్టర్ ఆపకండి. అందరూ ఒక కొత్త వర్క్‌బుక్ తెరిచి, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ 11 నొక్కండి.